పతకాల లెక్కకు అందని సైనిక వైద్యం

సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పేరు తెలియని వారు తెలంగాణలో అరుదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16 బిహార్ బెటాలియన్‌ను ముందుండి నడిపిస్తూ ఆయన అమరుడయ్యారు. 2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా కేంద్రం ఆయనకు మహావీర చక్ర ప్రకటించింది. అదే జాబితాలో, అదే బెటాలియన్ తరఫున వీరచక్ర పొందిన వారిలో నాయక్ దీపక్ సింగ్ ఒకరు. ఆయన ఉద్యోగం నర్సింగ్ అసిస్టెంట్. రాళ్ల దెబ్బలకు తన ఒళ్లే గాయాలపాలైనా, ఆ రాత్రి 30 మందికి పైగా జవాన్లకు చికిత్స చేసి, చివరకు తానూ ప్రాణం విడిచారు. ఆ జాబితాను అప్పట్లో నేనూ చదివాను. మన జిల్లా వాడి పేరు దగ్గరే నా చూపు ఆగిపోయింది. దీపక్ సింగ్ ఎవరో తెలుసుకున్నది చాలాకాలం తర్వాత, మరో పని మీద ఆ కాగితాలు తిరగేస్తున్నప్పుడు.

ఇందులో నా అశ్రద్ధ ఉంది, కాదనను. అయితే సైనిక వైద్యులు, నర్సింగ్ సిబ్బంది, పశువైద్యులు పొందిన గౌరవాలను ఒక వరసలో పెట్టి చూస్తే, ఈ అశ్రద్ధ నా ఒక్కడిది కాదని, పురస్కారాల కొలబద్దలోనే దాని మూలం ఉందని అనిపిస్తుంది. ఆ కొలబద్ద ప్రమాదాన్ని కొలుస్తుంది, తెగువను కొలుస్తుంది. వైద్యాన్ని మాత్రం కొలవలేదు.

1950లో ఏర్పాటైన పరమవీర చక్రను ఇప్పటిదాకా 21 మంది అందుకున్నారు. వారిలో కాల్బలం వారు, ట్యాంకు దళాల వారు, ఒక ఇంజనీరు అధికారి, ఒక వైమానిక దళ పైలట్ ఉన్నారు. వైద్య దళం నుంచి ఒక్కరూ లేరు. దీనికి పక్షపాతం కారణమని నేను అనను. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీరచక్ర మూడింటికీ శత్రువు ఎదుట చూపిన సాహసమే నిబంధన. వైద్యుడి స్థానం మామూలుగా ఆ గీతకు కాస్త వెనక ఉంటుంది. జెనీవా ఒప్పందాల ప్రకారం అతడు ఆయుధం పట్టవలసింది తన ప్రాణం కోసమో, తన రోగుల ప్రాణం కోసమో మాత్రమే. పోరాడవద్దని చట్టం చెప్పిన మనిషిని పోరాటపు తూకంతో తూచడం మొదటి చిక్కు.

ఈ చిక్కును దాటి పతకం తెచ్చుకున్న వైద్యులు లేకపోలేదు. పాత బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాల చరిత్రలో అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్‌ను రెండేసిసార్లు పొందినవారు ముగ్గురే ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు సైనిక వైద్యులు. ఒకరు ఆర్థర్ మార్టిన్ లీక్, మరొకరు నోయెల్ షవాస్. మార్టిన్ లీక్ మనకు మరీ పరాయి వాడేమీ కాదు, మన వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో వైద్యాధికారిగా పనిచేశాడు. ఈ ఇద్దరికీ పతకాలు తెచ్చిపెట్టినది కాల్పుల మధ్యకు వెళ్లి క్షతగాత్రులను వెతికి తేవడం. అంటే వారు చేసిన వైద్యం కన్నా, వైద్యం చేయడానికి వారు నడిచిన దారి ప్రమాదకరమైనది కావడం లెక్కకు వచ్చింది. మన కాలంలో మేజర్ లైశ్రాం జ్యోతిన్ సింగ్‌దీ అదే కథ. 2010 ఫిబ్రవరి 26న కాబూల్‌లో భారతీయులు బస చేసిన అతిథి గృహంపై దాడి జరిగినప్పుడు, చేతిలో ఆయుధం లేని ఆ మణిపురి డాక్టరు ఆత్మాహుతి ముష్కరుణ్ణి ఒట్టి చేతులతో ఒడిసిపట్టి, సహచరులను బతికించి, తాను బలయ్యాడు. ఆయనకు మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు. ఎంతటి నిబ్బరం కావాలో ఊహించుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆయన పదవీ బాధ్యతకూ ఆ పనికీ సంబంధం లేదు, ఒక వంటవాడు చేసినా అదే పతకం వచ్చేది.

కెప్టెన్ అంశుమాన్ సింగ్ ఉదంతం దీనికి కొంత భిన్నమైనది. 2023 జులై 19న సియాచిన్‌లో మంటలు చెలరేగినప్పుడు, 26 పంజాబ్ బెటాలియన్‌కు వైద్యాధికారిగా ఉన్న ఆయన లోపల చిక్కుకున్న వారిని బయటకు తెచ్చాడు. అగ్గి వైద్య పరీక్షల గదికి అంటుకుంటోందని చూసి, మందుల పెట్టె కోసం మళ్లీ లోపలికి వెళ్లి తిరిగి రాలేదు. 2024 జులైలో రాష్ట్రపతి భవన్‌లో ఆయన భార్య, తల్లి కీర్తి చక్ర అందుకుంటున్న దృశ్యం దేశమంతా చూసింది. నన్ను ఆపేది ఆ మందుల పెట్టె. సియాచిన్ లాంటి చోట మందులు కాలిపోతే మళ్లీ హెలికాప్టర్ వచ్చే దాకా ఆ పోస్టుకు వైద్యం లేనట్టే. ఆయన తెగించింది మనుషుల కోసం ఎంతో, రేపటి రోగుల కోసం అంత. పురస్కారాల చరిత్రలో వైద్యుడు వైద్యుడిగానే సాహసం చేసిన ఘట్టాల్లో దీన్ని ముందు వరసలో ఉంచుతాను.

సియాచిన్ మాట వచ్చింది కాబట్టి, ఏ పతకాల జాబితాలోనూ కనిపించని ఒక పనిని ఇక్కడ చెప్పాలి. 1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి జవాన్లను ఉన్నపళంగా హిమాలయాల మీదికి తరలించినప్పుడు, తూటా తగలకుండానే మనుషులు కుప్పకూలారు. తలనొప్పి, వాంతులు, ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు. ఆర్మీ వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు అలాంటి 1,925 మంది సైనికులను పరిశీలించి, ఆ ఫలితాలను 1969లో అమెరికాలోని ఒక ప్రముఖ వైద్య పత్రికలో ప్రచురించారు. ఎత్తైన ప్రదేశాల జబ్బుల గురించి ప్రపంచంలో ఎవరు రాసినా తిరిగి చూసుకునే వ్యాసం అది. ఈనాడు లేహ్‌లో దిగిన జవానును నేరుగా పోస్టుకు పంపకుండా, మెట్టు మెట్టుగా ఎత్తుకు అలవాటు చేసే పద్ధతి వెనక ఇలాంటి పరిశీలనలే ఉన్నాయి. ఆ పద్ధతి వల్ల ఎంతమంది బతికారు? ఎవరూ చెప్పలేరు. బతికినవాడికి తాను చావవలసి ఉండెనని తెలియదు, కాబట్టి ఎవరికీ కృతజ్ఞుడు కాడు. నివారణ అనే పనికి పుట్టుకతో వచ్చిన శాపం ఇది.

యాప్రాల్‌లో మా వీధి చివర ఒక విశ్రాంత నర్సింగ్ హవల్దారు ఉంటారు. ఆయన గోడ మీద సర్వీసు పతకాలే తప్ప సాహస పతకం లేదు. ఎత్తు మీది పోస్టులో తన దినచర్య ఏమిటని అడిగితే, కుర్చీలోంచి లేచి నా ఎదుట నేల మీద కూర్చుని, చెప్పు విడిపించి, కాలివేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి నొక్కి చూపించారు. నొక్కిన చోట తెల్లబడిన చర్మం ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూడాలట. ఆలస్యమైతే రక్తం సరిగా ఆడటం లేదని అర్థం. తడి సాక్సులతో పడుకున్న వాణ్ణి తిట్టి లేపడం, పొడి జత తొడిగించడం, మర్నాడు పొద్దున మళ్లీ అవే పాదాలు. ఆ పోస్టులో తాను ఉన్నంతకాలం ఏ జవానుకూ వేలు తీసేయాల్సిన అవసరం రాలేదని చెప్పినప్పుడు మాత్రం ఆయన గొంతులో కాస్త గర్వం వినిపించింది. ఆ గర్వాన్ని ఏ సైటేషన్‌లో ఎలా రాస్తారు? ‘ఫలానా శీతకాలంలో ఏమీ జరగలేదు’ అని రాయగలిగిన గెజిట్ ఇంకా పుట్టలేదు.

హైదరాబాద్ వాసిగా నాకు ఈ విషయంలో ఒక అదనపు ఆసక్తి ఉంది. సైనిక వైద్యంలో అత్యున్నత గౌరవం మన ఊళ్లోనే మొదలైంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సర్జన్ మేజర్ రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి, మలేరియా క్రిమిని అందులో చూశాడు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఆగస్టు ఉక్కపోతలోనే పనిచేశాడని, చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క కంటి కటకమూ పగిలి ఉందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. తన ఒంటి మీద దోమలను కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమ ఒక్కంటికి ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

ఈ కథను మనం గర్వంగా చెప్పుకుంటాం, అందులోని ఒక పేజీని మాత్రం తిప్పేస్తాం. ఆ ఆవిష్కరణ జరిగిన కొద్ది వారాలకే, మలేరియా అంతగా లేని రాజపుతానాలోని ఖేర్వాడాకు రాస్‌ను బదిలీ చేశారు. మనిషి మలేరియా మీద ఆయన పని అక్కడితో తెగిపోయింది. తర్వాత కలకత్తాలో పక్షుల మలేరియాతో దోమ కథను పూర్తి చేయవలసి వచ్చింది, మనిషి మలేరియా చక్రాన్ని ఇటలీ శాస్త్రవేత్తలు ముగించారు. సైన్యానికి అప్పుడు కావలసింది ఒక డాక్టరు, ఒక ఖాళీ, ఒక బదిలీ ఉత్తర్వు. స్టాక్‌హోంలో గుర్తించిన పనిని సొంత సర్వీసు అదనపు వ్యాపకంగా చూసింది. ఆ నోబెల్ ఇండియన్ మెడికల్ సర్వీసు ఖాతాలో పడింది గానీ, సర్వీసు దాన్ని సంపాదించిందా, అడ్డుపడిందా అన్నది నాకు ఇప్పటికీ సందేహమే.

ఇదే సర్వీసులో జాన్ సింటన్ అనే డాక్టరు ఉండేవాడు. 1916 జనవరి 21న మెసొపొటేమియాలో రెండు చేతులకూ పక్కటెముకల దగ్గరా తూటాలు దిగినా ఆసుపత్రికి పోకుండా గాయపడిన వారికి కట్లు కట్టి విక్టోరియా క్రాస్ పొందాడు. తర్వాత మన దేశంలో మలేరియా సర్వేను ఏళ్ల తరబడి నడిపి, 1946లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఈ రెండు గౌరవాలూ కలిగిన మనిషి ప్రపంచ చరిత్రలో ఆయన ఒక్కడే. మొదటిది ఒక్క రోజు పనికి వచ్చింది, రెండోది పాతికేళ్ల పనికి. మొదటిది సైన్యం ఇచ్చింది, రెండోది శాస్త్రవేత్తలు ఇచ్చారు. సైన్యం దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో ఒకే మనిషి జీవితంలో కనిపిస్తుంది.

మనుషుల డాక్టర్ల సంగతే ఇలా ఉంటే, పశువైద్యుల సంగతి చెప్పనక్కర్లేదు. రాస్ కన్నా 17 ఏళ్ల ముందు, 1880లో, డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు అశ్వదళం గుర్రాలు, ఒంటెలు చచ్చిపోవడానికి కారణం వాటి రక్తంలో కదలాడే ఒక పరాన్నజీవి అని కనిపెట్టాడు. మన పశువైద్యులు నేటికీ సర్రా అని పిలిచే జబ్బు అదే. ట్రిపనోసోమా అనే ఆ పరాన్నజీవుల జాతిలో జబ్బు కలిగించే క్రిమిని గుర్తించిన మొదటి సందర్భం అది, ఆ తర్వాతే ఆఫ్రికా అతినిద్ర జబ్బు రహస్యం విడింది. పై అధికారులు ఆయన మాటను పట్టించుకోలేదు. గుర్తింపుగా మేరీ కింగ్స్‌లీ పతకం దక్కేసరికి 1917 వచ్చింది, ఆయనకు 80 ఏళ్లు దాటాయి. ఆ పతకం ఇచ్చిన లివర్‌పూల్ సంస్థలోనే రాస్ ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాడు. వందేళ్లు బతికాడు కాబట్టి ఎవాన్స్ ఆ గౌరవం కళ్లారా చూసుకున్నాడు, సగటు ఆయుష్షు కలవాడైతే అదీ లేదు.

చట్టం కూడా పశువైద్యుణ్ణి ఒక మెట్టు కిందనే నిలబెట్టింది. జెనీవా ఒప్పందం రక్షణ కల్పించేది మనుషులకు వైద్యం చేసే సిబ్బందికి. వైద్యశాలలో పశువైద్య సిబ్బంది కనిపించినంత మాత్రాన ఆ వైద్యశాల రక్షణ పోదని అందులో రాశారే తప్ప, పశువైద్యుడికి ఆ రక్షణ ఉందని రాయలేదు. అంటే శత్రువు దృష్టిలో అతడు సైనికుడే, సొంత సైన్యం పురస్కారాల దృష్టిలో మాత్రం సైనికుడు కాడు. రెండు వైపులా నష్టమే.

మన రిమౌంట్ వెటర్నరీ కోర్ తన పుట్టుకను 1779 నుంచి లెక్కించుకుంటుంది. మీరట్ కేంద్రంగా గుర్రాలను, కంచర గాడిదలను, కుక్కలను సాకి, నేర్పి, వైద్యం చేస్తుంది. ఈ దళం పేరు వార్తల్లో వినిపించేది ఎక్కువగా కుక్కల వల్ల. 2022 జులై 30న బారాముల్లాలో ఉగ్రవాదులు దాక్కున్న ఇంట్లోకి ముందు దూరి ప్రాణం కోల్పోయిన ఆక్సెల్, 2023 సెప్టెంబరులో రాజౌరీలో తన హ్యాండ్లర్‌కు అడ్డుగా నిలిచి చనిపోయిన కెంట్ ‘మెన్షన్ ఇన్ డిస్పాచెస్’ పొందాయి. వీరచక్ర వంటి పతకాలు జంతువులకు ఇవ్వరు కాబట్టి యుద్ధ నివేదికలో పేరు రాయడంతోనే ఆ గౌరవం ఆగుతుంది. బ్రిటన్‌లో 1943లో మొదలైన డికిన్ పతకం కూడా ప్రభుత్వానిది కాదు, ఒక జంతు సేవా సంస్థది. మొదటి ఆరేడేళ్లలో ఇచ్చిన 54 పతకాల్లో 32 పావురాలకే వెళ్లాయంటే, ఆ సంస్థ కళ్లు రాజ్యం కళ్ల కన్నా మెరుగ్గా పనిచేశాయనే చెప్పాలి. మన దగ్గర పెడోంగీ అనే కంచర గాడిద ఉండేది. 1971 యుద్ధంలో పాకిస్థాన్ సైనికుల చేతికి చిక్కి, వీపు మీది బరువుతో సహా తప్పించుకుని తిరిగి వచ్చింది. 29 ఏళ్ల సర్వీసు తర్వాత దానికి నీలం మఖమల్ దుప్పటి కప్పి సన్మానించారు. అది ఆర్మీ సర్వీస్ కోర్ గాడిద, వెటర్నరీ కోర్‌ది కాదు. కానీ అంతకాలం దాని గిట్టలు చూసినవాడు, దానికి సూది వేసినవాడు ఎవరో ఒక పశువైద్యుడో, ఒక నాలబందో అయి ఉండాలి కదా. దుప్పటి కథలో వారు లేరు.

2022 అక్టోబరులో అనంతనాగ్‌లో రెండు తూటాలు తగిలిన జూమ్ అనే కుక్కను శ్రీనగర్‌లోని సైనిక పశువైద్యశాలకు తెచ్చినప్పుడు, దాని ప్రాణం కోసం దేశమంతా ప్రార్థించింది. మూడు రోజులకు అది చనిపోయింది. శస్త్రచికిత్స చేసిన వైద్యుల పేర్లు నేను చదివిన ఏ పత్రికలోనూ కనిపించలేదు. కుక్కలను పొగడటం సులువు, అవి మాట్లాడవు, ప్రమోషన్ అడగవు. ఇది వ్యంగ్యంగా అనిపిస్తే క్షమించాలి, ఆ కుక్కల మీద నాకున్న గౌరవం ఏ మాత్రం తక్కువ కాదు.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. సాహస పతకం సాహసానికే దక్కాలి, పాదాలు పరీక్షించిన ప్రతివాడికీ పతకం కడితే దీపక్ సింగ్ వీరచక్ర విలువే తగ్గుతుంది. ఒప్పుకుంటాను. విశిష్ట సేవకు వేరే పతకాలు ఉన్నాయి కదా అనే వాదనతో మాత్రం ఏకీభవించలేను. పరమ విశిష్ట సేవా పతకం అందుకునేవారి ర్యాంకులు ఒకసారి చూడండి, దాదాపు అందరూ లెఫ్టినెంట్ జనరల్ స్థాయి వారే. నర్సింగ్ అసిస్టెంట్ ఆ నిచ్చెన మొదటి మెట్టు దగ్గర కూడా ఉండడు.

దారి మరోచోట ఉందని నా అభిప్రాయం. ఈ సర్వీసుల పని స్వభావరీత్యా ఉమ్మడి పని, దానికి ఉమ్మడి గౌరవమే తగినది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పశువైద్య దళం 25 లక్షలకు పైగా జంతువులను చేర్చుకుని, వాటిలో సుమారు 80 శాతాన్ని తిరిగి పనికి పంపింది. 1918 నవంబరులో ఆ దళం పేరు ముందు ‘రాయల్’ అనే మాట చేరింది. ఏ ఒక్కడి ఛాతీ మీదా కాకుండా, ఆ మాట అందరి భుజాల మీద కూర్చుంది. మన కాల్బల రెజిమెంట్లు తాము గెలిచిన యుద్ధాల పేర్లను పతాకాల మీద రాసుకుంటాయి, వైద్య దళాలకు ఆ ఆచారం లేదు. 2023 డిసెంబరు 1న పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలకు రాష్ట్రపతి పతాకం అందడం ఈ దిశలో మంచి అడుగు. మేలైన కమాండ్ ఆసుపత్రులకు ఏటా ఇచ్చే రక్షణ మంత్రి ట్రోఫీ కూడా అలాంటిదే, కానీ అది పెద్ద ఆసుపత్రుల దగ్గరే ఆగుతోంది. యుద్ధరంగంలో వైద్యం చేసే ఫీల్డ్ అంబులెన్స్ దళాలకు, మంచు పోస్టుల్లోని వైద్య పరీక్షల గదులకు (ఎంఐ రూములకు), సరిహద్దు పశువైద్యశాలలకు ఏ యుద్ధంలో, ఏ శీతకాలంలో సేవ చేశారో ఆ పేరు యూనిట్ పేరుతో కలిపి రాసుకునే హక్కు ఇవ్వవచ్చు.

దానికి అర్హత ఎలా ఉంటుందో మన చరిత్రలోనే దృష్టాంతం ఉంది. 1950 చివరలో కొరియాకు వెళ్లిన మన 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, ప్యాంగ్యాంగ్ నుంచి వెనుదిరగవలసి వచ్చినప్పుడు తన వైద్య సామగ్రిని తగలబెట్టి పోవడానికి ఒప్పుకోలేదు. ఆవిరి ఇంజన్ నడపడం తెలిసిన సిబ్బంది తమలోనే ఉండటంతో, ఒక రైలును పట్టి సామగ్రిని, మనుషులను దక్షిణానికి చేర్చింది. 1951 మార్చి 23న అమెరికన్ సైనికులతో పాటు ఆ దళం వైద్యులు మున్సాన్ దగ్గర పారాచూట్లతో దిగారు. దళనాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్‌కు మహావీర చక్ర లభించింది, అది పూర్తిగా సముచితం. కానీ బొగ్గు ఎగదోసిన చేతులు ఎవరివి? పేరున్న పతకం ఒకటి ఆయన దగ్గర ఉంది, ‘కొరియా’ అన్న మాట ఆ దళం అందరికీ చెంది ఉండాలి.

ఏటా ఆగస్టు 20న రాస్‌ను బేగంపేటలో తలుచుకుంటూనే ఉంటాం. ఈసారి ఆ సభకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి ఒక అధ్యాపకుణ్ణి పిలిచి ఎవాన్స్ గురించి, సర్రా గురించి పావుగంట మాట్లాడమనాలి. వేదిక మీద రెండో కుర్చీ మా యాప్రాల్ హవల్దారుకు వేయవచ్చు. ఆయన ఉపన్యాసం ఇవ్వరు, అడిగితే కాలివేళ్లు చూసే పద్ధతి చేసి చూపిస్తారు.